ఎవరికి కబురు చేయాలి

నేను బస్సు డిపోలో డ్యూటీలు వేసే మనిషిని. నూట పన్నెండు బస్సులు, రెండువందల అరవై మంది డ్రైవర్లు. ఎవరు ఏ బండి ఎక్కాలి, ఎవరికి సెలవు, ఎవరు ఉత్తుత్తి జ్వరంతో ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నారు, అన్నీ నాకు కంఠతా వచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అలాంటిదాన్ని ఒక కాగితం మీద ఒక్క ఫోన్ నంబరు రాయలేక గురువారం నుంచి సోమవారం దాకా తల పట్టుకుని కూర్చున్నానంటే మా డ్రైవర్లు పడీ పడీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

విషయం ఏమిటంటే, నా రొమ్ములో గడ్డ తేలింది. కోసి తీసేశారు. తర్వాత కీమో ఇవ్వాలన్నారు. మూడు వారాలకోసారి, ఆరుసార్లు. మొదటిది సోమవారం పొద్దున ఎనిమిదింటికి. దానికి ఎలా తయారవ్వాలో చెప్తామని గురువారం ఒక గంటసేపు పిలిచారు.

చిన్న గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద టిష్యూల డబ్బా. ఆ డబ్బా చూడగానే నాకు ఒళ్ళు మండింది. నేను ఏడుస్తానని వీళ్ళు ముందే నిర్ణయించేసుకున్నారన్నమాట. పంతం కొద్దీ ఏడవలేదు.

నర్సుది మా అమ్మాయి వయసే ఉంటుంది. మొదలుపెట్టింది. నీళ్ళు బాగా తాగాలి. పచ్చివి తినకూడదు. సగం ఉడికిన గుడ్డు అసలే వద్దు. జలుబున్నవాళ్ళని గడప తొక్కనివ్వకూడదు. సోమవారంలోపు పళ్ళ డాక్టరుకి చూపించుకోవాలి. ముందు బొత్తాలుండే చొక్కా వేసుకురావాలి. జ్వరం వంద దాటితే ఏ వేళైనా సరే ఫోన్ చేయాలి. వాంతులకి తెల్ల మాత్ర ముందు, పసుపుది తర్వాత. లేక పసుపుది ముందా? సరిగ్గా అక్కడే నా బుర్ర ఆగిపోయింది. అడుగుదామనుకునేలోపు ఆ అమ్మాయి జుట్టు రాలడం దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మాత్రం బుద్ధిగా తల ఊపుతూనే ఉన్నాను. కొత్త డ్రైవర్లు నా ముందు ఇలాగే ఊపుతారు, బయటికెళ్ళి పక్కవాణ్ణి "ఏం చెప్పిందిరా?" అని అడుగుతారు. నా పక్కన అడగడానికి ఎవరూ లేరు. మా ఆయన వస్తానన్నాడు గానీ, నేనే వద్దన్నాను. ఒక గంట కూర్చుని వినడానికి ఇద్దరెందుకు, షాపు చూసుకోండి అన్నాను.

చివర్లో ఫారం ఇచ్చింది. ఫారాలంటే నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక. చకచకా నింపి ఇచ్చేశాను.

"ఒక్క నిమిషం అమ్మా," అని నర్సు బల్ల మీది ఫోన్ అందుకుంది. "మీకేదైనా ఇబ్బందైతే ఎవరికి కబురు చేయాలో, ఆ నంబరు ఒకసారి చేసి చూస్తాం. మా వార్డులో అదో పద్ధతి."

నంబరు నొక్కింది. నా సంచిలో ఫోన్ మోగింది. ఇదెవరు మధ్యలో అని విసుక్కుంటూ తీసి చూస్తే ఆసుపత్రి నంబరు. అప్పటికీ నాకు వెలగలేదు.

"అమ్మా, ఇది మీ నంబరే కదా?"

"అవును, నాదే."

"మీకేమైనా అయితే మీకే చెప్పమంటారా?"

సిగ్గుతో చచ్చినంత పనైంది. కావాలని రాసింది కాదు, చెయ్యి తనంతట తనే రాసేసింది. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా ఆ గీత దగ్గర ఉండేది నా నంబరే. మా అమ్మాయి బడిలో నాది. ఆయన బ్యాంకులో నాది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ మందుల డబ్బా మీద నాది. మా తమ్ముడి ఫ్లాటులో నీళ్ళు లీకైనా కాపలా అతను నాకే చేస్తాడు. నేను ఊళ్ళో ఇటు చివర, వాడు అటు చివర.

"సోమవారం వచ్చేటప్పుడు సరైన నంబరు తీసుకురండి," అంది నర్సు. నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది. "ఒక్కటి చాలు. కానీ చేస్తే ఎత్తే నంబరు కావాలి. పోయిన నెల ఒకాయనకి మధ్యలో ఒళ్ళు వణికి స్పృహ తప్పితే, వాళ్ళింటికి పంతొమ్మిదిసార్లు చేశాం. ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ఇప్పుడు నంబరు పరీక్ష కాకుండా మందు ఎక్కించడం లేదు."

"అసలు ఎక్కించరా?"

"ఎక్కించం అమ్మా."

ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. నాకెంతమంది లేరు! మా ఆయన ఉన్నాడు. సోఫాలకి గుడ్డ, కుర్చీలకి దూది వేసే పని. బంగారంలాంటి మనిషే గానీ, ఫోన్ ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. ఒకసారి కస్టమరు సోఫాలో పెట్టి కుట్టేశాడు కూడా. మా అమ్మాయి ఉంది, సరుకుల యార్డులో క్రేను నడుపుతుంది. పైకెక్కేముందు ఫోన్ లాకర్లో పెట్టాలి, అది వాళ్ళ రూలు. మా అక్క ఉంది, రిటైరైన లెక్కల టీచరు, రెండు గంటల దూరంలో పక్క ఊళ్ళో ఉంటుంది. తెలియని నంబరైతే పురుగుని దులిపినట్టు కట్ చేస్తుంది. తమ్ముడున్నాడు, పిల్లలకి ఈత నేర్పుతాడు. ఆరడుగుల మనిషి, కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఎప్పుడూ రెడీగా ఉంటాయి. పైగా అక్కకీ వాడికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయాక ఆవిడ కుట్టుమిషను ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మొదలైంది. ఇద్దరూ పట్టిన పట్టు విడవరు. ఇప్పుడా మిషను మా ఇంట్లో ఉంది, నాకు కుట్టడమే రాదు.

ఒక్కరి నంబరు రాయాలి. ఎవరిది రాయాలి? స్టాపు దాటిపోయిన సంగతి రెండు స్టాపులయ్యాక గానీ తెలియలేదు. డిపో మనిషిని, స్టాపు మర్చిపోయాను. నిజంగా భయమేసింది.

శుక్రవారం డిపోలో నా ఆఖరి రోజు. అంటే సెలవుకి ముందు ఆఖరి రోజు. నా కుర్చీలోకి వచ్చే గుమాస్తాకి పని అప్పగిస్తున్నాను. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద, పాత కండక్టరు, గొంతు మైకులా ఉంటుంది. కొత్త డ్రైవరుని ఎలా పరీక్షించాలో చెప్తుంటే నాకు ఠక్కున ఆలోచన తట్టింది. మా దగ్గర ఒక పద్ధతుంది. కొత్తగా చేరినవాడికి చెప్పాపెట్టకుండా, వాడు ఊహించని వేళలో ఫోన్ చేస్తాం. ఎత్తి, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్తే తెల్లవారుజాము బండి ఇస్తాం. లేకపోతే ఇవ్వం. ఎంత మంచివాడైనా సరే. నలభై మంది స్టాపులో నిలబడి ఉంటే వాడి మంచితనం ఎవరిక్కావాలి?

"మీ ఫోన్ ఇలా ఇవ్వండి," అన్నాను. "నేను నంబరు కొడతాను, మీరు మాట్లాడండి. ఆసుపత్రి నుంచి అనండి. ఊరికే నంబరు సరిచూస్తున్నాం అని పెట్టేయండి."

"ఎవరికండీ?"

"మా ఇంట్లోవాళ్ళకి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. జబ్బు మనిషి కదా అని ఊరుకున్నాడేమో.

మా ఆయనకి చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం, అంతే. మా అమ్మాయిది స్విచ్చాఫ్. అక్క రెండో రింగుకే కట్ చేసింది. తమ్ముడికి చేస్తే, ఆశ్చర్యం, వెంటనే ఎత్తాడు. గుమాస్తా గొంతు సవరించుకుని, "ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం," అన్నాడు. అంతే, అవతలినుంచి "చిన్నక్కా!" అని పెద్ద కేక, ఆ వెనకే బుడుంగుమని చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

"నీళ్ళల్లో పడ్డట్టుందండీ," అన్నాడు గుమాస్తా.

"మనిషా, ఫోనా?"

"తెలీదు."

నలుగురిలో నలుగురూ ఫెయిలు. డ్రైవర్లయితే నలుగురికీ చీవాట్లు పెట్టేదాన్ని. వీళ్ళనేమనాలి? నాకు కోపం రావాల్సింది పోయి దిగులు పట్టుకుంది. టైం చూస్తే పన్నెండు. పన్నెండున్నరకి పళ్ళ డాక్టరు. "ఎవరైనా తిరిగి చేస్తే ఏమీ చెప్పకండి, నేనే మాట్లాడుకుంటా," అని గుమాస్తాకి చెప్పి, సంచి భుజాన వేసుకుని పరిగెత్తాను. డాక్టరు గది బయట ఫోన్ మూగగా పెట్టమని బోర్డుంది. పెట్టాను.

ఆ తప్పు వల్ల ఏం జరిగిందో నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. పడింది తమ్ముడి ఫోనే. వాడు పిల్లల్ని ఒడ్డుకి ఎక్కించి, ఆఫీసు ఫోన్ నుంచి నాకు చేశాడు. ఎత్తలేదు. ఇరవై మూడుసార్లు చేశాడట. అక్క రోజూ ఒంటిగంటకి నాకు చేస్తుంది, ఇన్నేళ్ళలో నేను ఎత్తని రోజు లేదు. ఎత్తకపోయేసరికి ఒంటిగంటన్నర బస్సు ఎక్కేసింది. మా అమ్మాయి రెండింటికి కిందికి దిగి, ఫోన్ ఆన్ చేసి, మిస్డ్ కాల్ మెసేజీలో తెలియని నంబరు చూసి తిరిగి చేసింది. మా గుమాస్తా నేను చెప్పిన మాట జవదాటడు. తన మైకు గొంతుతో, "మీకేమీ చెప్పొద్దన్నారమ్మా," అన్నాడు. పిల్లకి పైప్రాణాలు పైనే పోయాయి.

నేను మాత్రం నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని, సోమవారం ఎవరి నంబరు రాయాలా అనే ఆలోచిస్తున్నాను. డాక్టరు మత్తు సూది వేసి రెండు పిప్పిపళ్ళు పూడ్చాడు. బయటికి వచ్చేసరికి ఎడమ దవడ నాది కాదు. ఫోన్ సంగతే గుర్తులేదు.

మూడున్నరకి మా వీధి మలుపు తిరిగాను. మా ఇంటి మెట్ల మీద మా తమ్ముడు. మెడలో తువ్వాలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు, జుట్టు తడితడిగా ఉంది. తలుపు దగ్గర మా అమ్మాయి, పసుపు జాకెట్టు, హెల్మెట్టు తీయనే లేదు. పక్కన మా ఆయన, చొక్కా నిండా దూది. అప్పుడే మా అక్క టాక్సీ దిగుతోంది.

"నాకేం కాలేదు" అందామనుకున్నాను. నోరు తిరగలేదు. "వాకేం కాయేయు" అని వచ్చింది, దాంతోపాటు గడ్డం మీదికి చొంగ కూడా.

"మాట పడిపోయింది!" అని తమ్ముడు లబోదిబోమన్నాడు. "బావా, చిన్నక్కకి మాట పడిపోయింది!"

"ఇంజక్షను! పన్ను, పన్ను!" అని నేను చేతులు ఊపుతూ అరుస్తున్నాను. ఎవరికి అర్థమవుతుంది? మా అమ్మాయి నన్ను పట్టుకుని ఏడుస్తోంది, హెల్మెట్టు నా నుదుటికి కొట్టుకుంటోంది. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు. చివరికి అక్కే నా సంచిలోంచి పళ్ళ డాక్టరు చీటీ తీసి పైకి చదివింది. చదివి, అందర్నీ లోపలికి నడవమంది. నలభై ఏళ్ళు క్లాసు నడిపిన గొంతు, అందరూ నడిచారు.

లోపల కూర్చున్నాక అసలు సంగతి బయటికి లాగారు. సగం నోటితో, సగం కాగితం మీద రాసి చెప్పాను. ఫారం సంగతి, పరీక్ష సంగతి, గుమాస్తా సంగతి. చెప్పడం అయ్యేసరికి అక్క అగ్గి మీద గుగ్గిలమైంది.

"మేమేమన్నా నీ డ్రైవర్లమా? ఆసుపత్రి పేరు చెప్పి ఫోన్ చేయిస్తావా? బుద్ధుందా నీకు?"

"మీరు ఎత్తితే కదా!" అన్నాను. మత్తు కాస్త దిగుతోంది. "నలుగురున్నారు, ఒక్కళ్ళు ఎత్తలేదు. సోమవారం నాకేదైనా అయితే ఎవరికి చెప్తారు వాళ్ళు? గోడకా?"

"నేను నీకు ఇరవై మూడుసార్లు చేశాను," అన్నాడు తమ్ముడు.

"నాకెందుకు చేశావురా? బావకి చేయాలి కదా!"

"బావ నంబరు నా దగ్గరెక్కడిది?"

ఇరవై ఆరేళ్ళుగా బావ, నంబరు లేదు. మా అమ్మాయి వైపు చూశాను. "నా దగ్గర మామయ్యదీ లేదు, పెద్దమ్మదీ లేదు," అంది అది నెమ్మదిగా. "ఎప్పుడూ అవసరం రాలేదమ్మా. నీకు చెప్తే నువ్వే చెప్తావు కదా." అక్కని అడగక్కర్లేకపోయింది. తన ఫోన్ నా ముందు పడేసింది. అందులో మా ఇంటివాళ్ళ నంబరు ఒకే ఒక్కటి ఉంది, నాది.

నేను కట్టుకున్న కొంపే ఇది. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరికి పిల్ల పుట్టినా, ఎవరు అలిగినా కబురు నాకొస్తుంది, నేను మిగతావాళ్ళకి చేరవేస్తాను. అందరం కలిసే ఉన్నామనుకుంటూ వచ్చాను. నేను ఒక్క మూడు గంటలు ఫోన్ ఎత్తకపోయేసరికి ఎవరికి ఎవరూ దొరకలేదు. ఆరుసార్లు కీమో, ఒక్కో దానికి నాలుగైదు రోజులు మంచం మీదే అన్నారు. నాకు మొదటిసారి మందు కంటే వీళ్ళని తలుచుకుంటే ఎక్కువ భయమేసింది. ఆ మాటే అన్నాను. "నాకు భయంగా ఉంది," అన్నాను. ఆసుపత్రి గదిలో ఆపుకున్నదంతా అప్పుడు వచ్చేసింది. మా ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు నాకివ్వకుండా తానే తాగేసి, మళ్ళీ ఇంకోటి తెచ్చాడు.

మా అమ్మాయి హెల్మెట్టు తీసి బల్ల మీద పెట్టి, "అందరూ ఫోన్లు తీయండి," అంది. తమ్ముడికి ఫోన్ లేదు కాబట్టి కాగితం ఇచ్చింది. ఒక్కొక్కరి నంబరు చదవడం, మిగతావాళ్ళు రాసుకోవడం. అక్క వంతు వచ్చింది. అక్క గోడకేసి చూస్తూ తన నంబరు చెప్పింది. తమ్ముడు కాగితం వైపు చూస్తూ రాశాడు. మధ్యలో, "ఆఖర్న ఏడా, ఆరా?" అన్నాడు.

"ఏడు," అంది అక్క.

ఆరేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి మాట. "చెవులు దొబ్బాయా?" అని కూడా అంది, దాంతో వాడు మళ్ళీ ఏడ్చాడు.

శని, ఆదివారాలు అక్క మా ఇంట్లోనే ఉంది. తమ్ముడు రోజూ వచ్చాడు. ఇల్లు పీకి పందిరేశారు. జుట్టు రాలేదాకా ఆగకుండా ముందే కత్తిరించుకోమని ఒకరు, ముట్టుకోవద్దని ఒకరు. కడుపు నిండా తిని వెళ్ళాలని అక్క, ఖాళీ కడుపుతో అయితే వాంతులుండవని తమ్ముడు. మాత్రల్లో తెల్లది ముందా, పసుపుది ముందా అని మూడుసార్లు గొడవైంది. మా అమ్మాయి ఆసుపత్రికే ఫోన్ చేసి అడిగింది. తెల్లదేనట. నంబరు మాత్రం ఎవరిది రాయాలో తేలలేదు. ప్రతివాళ్ళూ నాదంటే నాది. నిన్నటిదాకా ఎత్తనివాళ్ళు ఇవాళ ఫోన్లు చేతిలో పట్టుకుని, మోగితే చాలు మీద పడుతున్నారు. చివరికి అక్కది రాయాలని అందరూ కలిసి తేల్చారు. రిటైరైంది, ఇంట్లోనే ఉంటుంది, కంగారుపడదు, ఇక మీదట తెలియని నంబరైనా ఎత్తుతుంది. అందులో వంక పెట్టడానికేమీ లేదు. తన గుండ్రటి అక్షరాలతో చీటీ మీద రాసి నా చేతిలో పెట్టింది.

మా ఆయన మాత్రం నాదంటే నాది అనలేదు. ఆదివారం పొద్దున వంటగదిలో ఆయనొక్కడే ఉన్నప్పుడు అడిగేశాను.

"ఏవండీ, అసలు మీరు ఫోన్ ఎందుకెత్తరు?"

"నువ్వు చేస్తే ఎత్తుతాను కదా."

"మిగతావాళ్ళు చేస్తే?"

"మిగతావాళ్ళు ఆఖరికి నీకే చేస్తారు. నువ్వు నాకు చెప్తావు," అన్నాడు. టీ గిన్నె దించి, గుడ్డతో పొయ్యి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "శుక్రవారం ఫోన్ మోగుతుంటే చూశాను. నీ నంబరు కాదని వదిలేశాను. అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పేదాకా దూది కూరుతూ కూర్చున్నాను."

టీలో పంచదార వేశారా లేదా అని అడిగాను.

సోమవారం వార్డులోకి వెంట ఒక్కరినే రానిస్తారు, అదీ బయట హాలుదాకానే. మా ఆయన వచ్చాడు. బొత్తాల చొక్కా వేసుకున్నాను, జేబులో అక్క చీటీ ఉంది. పొడుగాటి గది, ఆరు కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా ఒక స్టాండు. నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి సూది గుచ్చి టేపు వేశారు. గురువారం నాటి నర్సే వచ్చి అదే ఫారం, పెన్ను ఇచ్చింది.

జేబులో చీటీ తీయాల్సింది. తీయలేదు. నా చెయ్యి మా ఆయన నంబరు రాసేసింది. ఎందుకు రాశానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అక్క నంబరే సరైనదని నాకు బాగా తెలుసు. డ్యూటీలు వేసేదాన్ని, నాకా మాత్రం తెలియదా?

"ఎవరిదమ్మా ఇది?"

"మా ఆయనది. బయట కూర్చున్నాడు."

నర్సు నంబరు నొక్కింది. గోడ అవతల మా ఆయన ఫోన్ మోగడం నాకు వినిపిస్తూనే ఉంది. మోగుతోంది. ఎత్తడేం? ఇంకా మోగుతోంది. నర్సు నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఛీ, ఈ మనిషి ఇక మారడు, నా ఖర్మ అనుకున్నాను. అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. మా ఆయన. చేతిలో ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఏమైంది?" అన్నాడు రొప్పుతూ.

"ఏమీ కాలేదు సార్. మీరు ఫోన్ ఎత్తుతారో లేదో చూస్తున్నాం."

"ఎత్తి మాట్లాడుతూ కూర్చుంటే ఆలస్యం కదమ్మా. అందుకని వచ్చేశాను."

"బాగుంది. మరి మీరు షాపులో ఉంటే?"

"షాపు నుంచి పద్దెనిమిది నిమిషాలు," అన్నాడు. "నిన్న సాయంత్రం పరిగెత్తి చూశాను." మోకాలు తడుముకుని, "సిగ్నలు దగ్గర ఆయాసం వచ్చి కొంచెం నడిచాననుకో," అన్నాడు.

ఆయనకి యాభై ఏడు. ఒక మోకాలు అరిగిపోయింది. ఆదివారం సాయంత్రం గుడ్డ కొలవాలని షాపుకి వెళ్ళి, గంటన్నరకి వచ్చి, స్నానం చేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా పడుకున్నాడు. నాకు వచ్చింది కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఈ వయసులో రోడ్డు మీద పరుగులేమిటండీ, పడితే ఎవరు చూస్తారు అని తిట్టాలనిపించింది.

"అదంతా సరే సార్. కానీ ఎత్తాలి. ఎత్తితేనే ఈ నంబరు రాసుకుంటాను." నర్సు నావైపు తిరిగింది. "లేకపోతే ఇంకో నంబరు ఇవ్వండమ్మా. అవతల మందు కలిపి పెట్టారు."

నా చెయ్యి జేబుదాకా వెళ్ళింది. చీటీ వేళ్ళకి తగిలింది కూడా.

"ఇంకొక్కసారి చేయి అమ్మాయ్," అన్నాను.

చేసింది. ఆయన చేతిలో ఫోన్ మోగింది. ఆయన దానికేసి చూశాడు, నాకేసి చూశాడు. కళ్ళజోడు నుదుటి మీది నుంచి కిందికి లాక్కుని, బొటనవేలితో మెల్లిగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. దూరంనుంచి వచ్చిన ఫోన్ మాట్లాడేవాళ్ళలా కాస్త గోడవైపు తిరిగాడు.

"హలో. ఎవరండీ?"

"ఆసుపత్రి నుంచండీ," అంది నర్సు, ఆయన వీపుకి రెండడుగుల దూరంలో నిలబడి.

"చెప్పండి. మా ఆవిడకెలా ఉంది?" నిజంగానే అడుగుతున్నాడు.

నర్సు నవ్వలేదు. "బాగానే ఉన్నారండీ. ఇప్పుడే మందు మొదలుపెడుతున్నాం."

"సరేనండీ. నేను చెప్తాను," అని ఫోన్ పెట్టేశాడు.

వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, నర్సు వద్దనలేదు. సూది లేని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు బాగానే ఉన్నావట," అన్నాడు నాతో. "మందు మొదలుపెడుతున్నారట."

"అలాగా," అన్నాను.